తొలి ప్రయత్నానికి డబ్బు ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

వైద్య పరిశోధన గురించి పత్రికల్లో వార్త వచ్చిందంటే అది దాదాపు ఎప్పుడూ పెద్ద వార్తే. ఫలానా జబ్బుకు కొత్త మందు, వేల మంది మీద ట్రయల్, భారీ నిధి. అవి రాయొద్దని నేను అనను, నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ ఆ వేల మంది ట్రయల్‌కి కొన్నేళ్ల ముందు ఎక్కడో ఒక వార్డులో ఇరవై ముప్ఫై మంది రోగులతో ఒక చిన్న ప్రయత్నం జరిగి ఉంటుంది, దానికి ఎవరో కాస్త డబ్బు ఇచ్చి ఉంటారు, లేదా ఎవరూ ఇవ్వకపోతే ఆ డాక్టరే సొంత డబ్బు పెట్టుకుని ఉంటారు. ఆ మొదటి డబ్బు గురించి ఎవరూ రాయరు. ఆ డబ్బు ఏదైనా సంస్థ ఇస్తే దాన్ని పైలట్ గ్రాంట్ అంటారు. ఈ గ్రాంట్లు ఇంకా ఎక్కువ మందికి, ఇంకా త్వరగా, ఇంకా తక్కువ కాగితాలతో ఇవ్వాలి. ఇచ్చాక "మందు పనిచేసిందా" అని కాకుండా "అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందా" అని చూడాలి. ఈ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. నేను బోధనాసుపత్రిలో డాక్టర్ని. రోగుల్ని చూడటంతో పాటు ఇలాంటి చిన్న అధ్యయనాలు చేస్తుంటాను, వేరేవాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు చదివి అభిప్రాయం రాస్తుంటాను కూడా, కాబట్టి అడిగేవాళ్ల బాధా తెలుసు, ఇచ్చేవాళ్ల ఇబ్బందీ తెలుసు.

ల్యాబ్‌లో కణాల మీదో ఎలుకల మీదో కనిపించిన విషయం మనిషికి పనికొస్తుందా లేదా అని తేల్చే పనిని ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటున్నారు. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి ఏళ్లూ పూళ్లూ. పరిశోధనలో తేలింది రోగి దాకా రావడానికి సగటున 17 ఏళ్లు పడుతుందని వైద్య పత్రికల్లో చాలాకాలంగా ఒక అంకె తిరుగుతోంది. 2011లో ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూసినవాళ్లకి కూడా అదే అంకె మళ్లీ మళ్లీ కనిపించింది, కాకపోతే ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తున్నారన్నది ఒక్కొక్కరూ ఒక్కోలా పెట్టుకున్నారని వాళ్లే చెప్పారు. మనుషుల మీద పరీక్ష దాకా వచ్చిన మందుల్లో పదింట తొమ్మిది అనుమతి దాకా చేరవు. ఇక ల్యాబ్ దశ సంగతి: ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రజ్ఞులు క్యాన్సర్ మీద బాగా పేరొచ్చిన 53 పరిశోధనల్ని మళ్లీ చేసి చూస్తే 6 మాత్రమే నిలబడ్డాయని 2012లో రాశారు. ఇన్ని ఆలోచనలు మధ్యలోనే రాలిపోయే రంగంలో, ఏది నిలబడుతుందో ఏది నిలబడదో తక్కువ ఖర్చుతో ముందే కనిపెట్టే దశకి అందరికంటే తక్కువ డబ్బు దక్కుతోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, పెద్ద గ్రాంట్‌కి దరఖాస్తు పెడితే మొదట అడిగేది ప్రిలిమినరీ డేటా. అంటే ఈ పని కొంత చేసి చూపించు, అప్పుడు డబ్బిస్తాం అని. ఆ కొంత చేయడానికి డబ్బేదీ అంటే జవాబు ఉండదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టే ఉంటుంది వ్యవహారం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అదే ఎన్ఐహెచ్, ఈ చిక్కు తీర్చడానికే చిన్న గ్రాంట్లు పెట్టింది. ఆర్03 అనేదానిలో ఏడాదికి 50 వేల డాలర్ల దాకా రెండేళ్లు, ఆర్21 అనేదానిలో రెండేళ్లకి కలిపి 2 లక్షల 75 వేల డాలర్ల దాకా ఇస్తూ వచ్చారు. ఆర్21కి ప్రిలిమినరీ డేటా తప్పనిసరి కాదని నిబంధనల్లోనే ఉంది. అయినా దరఖాస్తు చదివే నిపుణుల కళ్లు దానికోసమే వెతుకుతాయి, ఉన్నవాడికి మార్కులు పడతాయి, లేనివాడు వెనకబడతాడు. అక్కడ ఒక పరిశోధకుడికి మొదటి పెద్ద గ్రాంట్ చేతికొచ్చే సగటు వయసు నలభై దాటి చాలాకాలమైంది. ఇరవై ఎనిమిదేళ్లకి వచ్చిన ఆలోచనని నలభై రెండేళ్లకి పరీక్షించే ఏర్పాటు ఇది. ఈలోగా చాలామంది విసిగిపోయి ప్రాక్టీసులోకి వెళ్లిపోతారు, వాళ్లని తప్పు పట్టలేం.

2006లో అదే ఎన్ఐహెచ్ సీటీఎస్ఏ అనే పథకం మొదలుపెట్టింది, మొదట 12 సంస్థలతో, ఇప్పుడవి అరవై ప్రాంతంలో ఉన్నాయి. ల్యాబ్‌కీ వార్డుకీ మధ్య దారి వేయడం దాని ఉద్దేశం. ఆ పథకం కింద సంస్థలు తమ దగ్గరున్న పరిశోధకులకి తామే చిన్న పైలట్ గ్రాంట్లు ఇచ్చుకోవచ్చు. ఇది నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే పక్క బిల్డింగులో ఉన్న మనిషి ఆలోచనలో పస ఉందో లేదో, ఆ పని ఆ ఆసుపత్రిలో అవుతుందో లేదో ఎక్కడో దూరాన ఉన్న కమిటీ కంటే అక్కడున్నవాళ్లకే బాగా తెలుస్తుంది. మొహమాటాలు, మనవాళ్లు పరాయివాళ్లు అన్న గొడవ కూడా అక్కడే ఎక్కువ, దాని సంగతి తర్వాత చెప్తాను.

చిన్న ప్రయత్నం ఎంత దూరం తీసుకెళ్తుందో ఇన్సులిన్ కథ చూస్తే చాలు. 1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే సర్జన్ దగ్గర ఉన్నది ఒక ఆలోచన, అంతే. పరిశోధనలో చెప్పుకోదగ్గ అనుభవం లేదు, చూపించడానికి డేటా లేదు. ప్రొఫెసర్ మెక్లియాడ్‌కి మొదట నమ్మకం కుదరలేదు, అయినా వేసవికి ఒక ల్యాబ్, కొన్ని కుక్కలు, సహాయంగా చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థినీ ఇచ్చాడు. పైలట్ గ్రాంట్ అంటే అచ్చం అదే, పేరొక్కటే లేదు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. షుగర్ కాస్త తగ్గింది, సూది వేసిన చోట చీముగడ్డ లేచింది, ఆపేశారు. ఇప్పటి లెక్కల ప్రకారం చూస్తే ఆ అధ్యయనం ఫెయిల్. కానీ మందులో మలినాలున్నాయని, దాన్ని శుద్ధి చేయాలని ఆ ఒక్క ఇంజెక్షన్ చెప్పింది. జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు శుద్ధి చేసిన మందుతో జనవరి 23న మళ్లీ మొదలుపెడితే ఆ కుర్రాడు కోలుకోవడం మొదలైంది. మధ్యలో 12 రోజులు. మొదటి ఫలితం చూసి "అనుకున్నట్టు రాలేదు కాబట్టి ఇక డబ్బు ఆపేయండి" అని ఎవరైనా అనుంటే?

ఇంకొకటి మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరుతో ముడిపడి ఉన్నది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన పిల్లలకి ఫోలిక్ ఆసిడ్ జాతికి చెందిన పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. చేదు ఫలితం. కానీ అక్కడి నుంచే అసలు ప్రశ్న పుట్టింది, ఫోలిక్ ఆసిడ్ జబ్బుని పెంచితే దాన్ని అడ్డుకునే మందు తగ్గిస్తుందా అని. ఆ అడ్డుకునే అమినోప్టెరిన్ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో తయారైంది. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో ఉన్నది 16 మంది పిల్లలు. వాళ్లలో 10 మందికి మెరుగుదల కనిపించింది, అది కూడా కొద్దికాలమే. పదహారు మంది, అందులోనూ తాత్కాలిక ఫలితం, ఇవాళ ఏ కమిటీ ముందు పెట్టినా "శాంపిల్ సైజు చాలదు" అని రాసి పంపేస్తారు. పిల్లల ల్యుకేమియాకి మందుతో వైద్యం సాధ్యమని ప్రపంచానికి తెలిసింది ఆ పదహారు మంది వల్ల.

ఉప్పు పంచదార నీళ్ల సంగతి కూడా అంతే. 1968లో ఢాకా కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ 29 మంది రోగుల మీద చేసిన చిన్న ట్రయల్‌లో, నోటి ద్వారా ద్రావణం తాగిస్తే సెలైన్ అవసరం బాగా తగ్గిపోతుందని తేలింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు వేలమందికి ఆ ద్రావణాన్ని ధైర్యంగా ఇవ్వగలిగారంటే వెనక అలాంటి చిన్న పనులు ఉండబట్టే.

పాత గొప్ప కథలు ఎన్నయినా చెప్పొచ్చు, వాటి వెనకే దాక్కుంటే ఇప్పటి పని జరగదు. అసలు పైలట్ అధ్యయనం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్న దగ్గరే ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారని నా అభిప్రాయం. అది కాస్త వివరంగా రాస్తాను.

పైలట్ అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇది పనిచేస్తుందా" కాదు, "ఇది చేయగలమా". చాలా మామూలు విషయాలు ఇవి, కానీ వీటి దగ్గరే పెద్ద ట్రయల్స్ కూలిపోతాయి. మేం రక్తంలో ఒక ప్రొటీన్ కొలిచే చిన్న అధ్యయనం పెట్టుకున్నాం. కాగితం మీద అంతా శుభ్రంగా ఉంది: రక్తం తీయాలి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, పైకి తేలిన ప్లాస్మాని వేరుచేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ప్లాస్మా లేత పసుపు రంగులో ఉండాలి. కొన్ని ట్యూబులు మాత్రం తిప్పాక గులాబీ రంగులో వస్తున్నాయి, అంటే ఎర్రకణాలు పగిలి లోపలిదంతా బయటికి కలిసిపోయిందన్నమాట. అలాంటి శాంపిల్లో పొటాషియం, ఎల్‌డీహెచ్ లాంటివి లేనిపోని ఎత్తులో కనిపిస్తాయి. వేరుచేయకుండా వదిలేసిన రక్తంలో గ్లూకోజ్ గంటకి 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది కూడా. ఎక్కడ తేడా వస్తోందని రిజిస్టరు తిరగేస్తే, పాడైన ట్యూబులన్నీ దాదాపు ఒకే వేళవి, మధ్యాహ్నం డ్యూటీ మారే టైమ్‌వి. "మేడమ్, అప్పుడు మేం హ్యాండోవర్ ఇచ్చుకుంటుంటాం, తీసుకెళ్లే మనిషి ఉండడు, ట్యూబు కౌంటర్ మీదే ఉండిపోతుంది, తర్వాత ఆలస్యమైందని పరుగున పట్టుకెళ్తారు" అని వార్డు సిస్టర్ చెప్పింది. చిన్న సెంట్రిఫ్యూజ్ ఒకటి వార్డు పక్క గదిలో పెట్టి, రక్తం తీసే వేళ కాస్త ముందుకి జరిపితే సమస్య తీరిపోయింది. అదే పెద్ద ట్రయల్‌లో ఇరవై ఆసుపత్రుల్లో ఈ తేడా జరిగి ఉంటే ఆ ప్రొటీన్ పనికిరాదని తేల్చేసి ఫైలు మూసేసేవాళ్లు, అసలు తప్పు ప్రొటీన్‌ది కాదని ఎప్పటికీ తెలిసేది కాదు.

స్క్రీనింగ్ లాగ్ అని ఇంకో రిజిస్టరు ఉంటుంది. అధ్యయనానికి సరిపోయే రోగులు ఎంతమంది వచ్చారు, ఎంతమందిని అడిగాం, ఎవరు కాదన్నారు, ఎందుకన్నారు అని రాసుకునేది. నా దృష్టిలో పైలట్ అధ్యయనం మొత్తంలో అత్యంత విలువైన కాగితం అదే. మళ్లీ రమ్మంటే సెలవు దొరకదని ఒకరు, ఇంట్లో అడిగి చెప్తానని వెళ్లి తిరిగి రానివాళ్లు, సమ్మతి పత్రం పది పేజీలుంది చదవలేనని ఒకరు, ఇంకోసారి రక్తం ఇవ్వనని చాలామంది. దరఖాస్తులో "నెలకి పదిమంది సులభంగా చేరతారు" అని రాసినవాళ్లకి నెలకి ఇద్దరు దొరకడం నేను చదివిన నివేదికల్లో మామూలు విషయం. ఇది ముందే తెలిస్తే పెద్ద ట్రయల్‌కి ఎన్ని ఆసుపత్రులు కావాలో, ఎన్నేళ్లు పడుతుందో నిజాయితీగా లెక్క వేయొచ్చు. తెలియకపోతే సగం మంది కూడా చేరకుండానే డబ్బయిపోయి ట్రయల్ ఆగిపోతుంది, అప్పటికే చేరినవాళ్లు ఇచ్చిన రక్తం, సమయం, నమ్మకం అన్నీ వృథా.

ఇక పైలట్ చెప్పలేనిది ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. గుండె ఆపరేషన్ అయ్యాక కొందరికి కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ పనితీరు తెలియడానికి మామూలుగా మనం రక్తంలో చూసే క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అప్పటికే ఆలస్యం. 2005లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రి బృందం గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల్లో మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రొటీన్‌ని కొలిచింది. ఆపరేషన్ తర్వాత రెండు గంటలకే ఆ ప్రొటీన్ పెరగడం చూసి ఎవరి కిడ్నీ దెబ్బతినబోతోందో దాదాపు తప్పు లేకుండా చెప్పగలిగారు. ఎంత ఉత్సాహం వచ్చిందో అప్పుడు! తర్వాత వెయ్యిమందికి పైగా పెద్దవాళ్ల మీద, వేర్వేరు ఆసుపత్రుల్లో చూస్తే ఆ కచ్చితత్వం బాగా పడిపోయింది. పెద్దవాళ్లకి అప్పటికే షుగర్, బీపీ, పాత కిడ్నీ జబ్బులు ఉంటాయి, ఆ పిల్లల్లో అవి లేవు. అలాగని మొదటి అధ్యయనం తప్పు అనడానికి లేదు. పిల్లల్లో వాడుకకి ఆ పరీక్షని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో అనుమతించింది. 2005 నుంచి 2023, పద్దెనిమిదేళ్లు. ఇందాక చెప్పిన 17 ఏళ్ల అంకె ఊరికే పుట్టలేదు.

చిన్న అధ్యయనంలో వచ్చిన ఫలితం చాలాసార్లు అసలు కంటే గొప్పగా కనిపిస్తుంది, ఎందుకంటే గొప్పగా కనిపించినవే బయటికి వస్తాయి. ఆ గొప్ప ఫలితాన్ని పట్టుకుని పెద్ద ట్రయల్‌కి ఎంతమంది రోగులు కావాలో లెక్క వేస్తే లెక్క తక్కువ పడుతుంది, పెద్ద ట్రయల్ కాస్తా ఏదీ తేల్చకుండా ముగుస్తుంది. భద్రత విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ముప్ఫై మందికి మందు ఇస్తే ఒక్కరికీ సైడ్ ఎఫెక్ట్ రాలేదు, కాబట్టి సేఫ్ అని రాసేస్తుంటారు. గణాంకాల్లో ఒక చిన్న సూత్రం ఉంది, మూడుని రోగుల సంఖ్యతో భాగించాలి. ముప్ఫై మందిలో సున్నా వచ్చిందంటే అసలు రేటు పది శాతం దాకా కూడా ఉండొచ్చని అర్థం. పదిమందిలో ఒకరికి కిడ్నీ పోగొట్టే మందుని సేఫ్ అనగలమా? 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందుని మొదటిసారి మనుషుల మీద ప్రయోగించారు. ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి ఒకరి తర్వాత ఒకరికి నిమిషాల తేడాతో ఎక్కించారు, ఆరుగురూ ఐసీయూ పాలయ్యారు. మొదటి మనిషికి ఇచ్చి కొన్ని గంటలైనా ఆగి ఉంటే మిగతా ఐదుగురికి ఆ గతి పట్టేది కాదు. అధ్యయనం చిన్నది కదా అని, రోగులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ పరిశీలన, భద్రత చూసే మనిషి చిన్నవి కాకూడదు. నేను తగ్గించమంటున్నది డబ్బిచ్చేవాళ్ల కాగితాల్ని, రోగి రక్షణకి సంబంధించిన కాగితాల్ని కాదు.

ఆ కాగితాల సంగతే చూద్దాం. చిన్న గ్రాంట్‌కి కూడా పెద్ద గ్రాంట్ ఫారమే పెట్టే సంస్థలున్నాయి, నలభై పేజీలు, ఐదేళ్ల ప్రణాళిక, బడ్జెట్‌లో ప్రతి దూదిపింజకీ వివరణ. అది నింపడానికి పట్టే సమయంలో సగం పైలట్ పూర్తవుతుంది. ప్రశ్న ఏమిటి, ఎవరిని చేర్చుకుంటారు, ఏం కొలుస్తారు, ఎంత వస్తే ముందుకెళ్తారు, ఎంత రాకపోతే ఆపేస్తారు, ఇవి నాలుగు పేజీల్లో రాయొచ్చు, రాయలేనివాళ్లకి ఆలోచన ఇంకా తేటపడలేదని అర్థం. రెండో ఇబ్బంది గడియారం. గ్రాంట్ గడువు ఒక ఏడాది అంటారు, ఉత్తర్వు వచ్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఎథిక్స్ కమిటీ సమావేశం కావాలి, వాళ్ల సందేహాలకి జవాబివ్వాలి, ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ చేయాలి, కిట్లు తెప్పించాలి, మనిషిని పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యేసరికి ఏడాదిలో సగం కరిగిపోతుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్, ఖర్చు పెట్టని డబ్బు వెనక్కి పోతుందని చివరి రెండు నెలల్లో అవసరం లేని పరికరాలు కొనేయడం. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చిన రోజు నుంచి గడువు లెక్కపెట్టండి, ఆ అనుమతి వచ్చాకే డబ్బు విడుదల చేయండి, ఇచ్చేవాళ్లకి నష్టమేమీ లేదు.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, మనిషి జీతం. పరికరాలు కొనడానికి డబ్బిస్తారు, రిసెర్చ్ నర్సు జీతానికి మాత్రం ఇవ్వం అంటారు. ఆ రోగి పక్కన కూర్చుని సమ్మతి పత్రం ఓపిగ్గా చదివి వినిపించేది, మర్చిపోయిన రోగికి ఫోన్ చేసి రప్పించేది, ట్యూబు మీద సరైన లేబుల్ అంటించేది, ఫ్రీజర్ అలారం మోగితే సెలవురోజున పరిగెత్తేది ఆ మనిషే. నేను చూసినంతలో మంచి నర్సు ఉన్న పైలట్ నడిచింది, ఎంత గొప్ప పరికరమున్నా నర్సు లేని పైలట్ మూలపడింది. డాక్టరుకి కూడా వారంలో ఒక పూట ఓపీ నుంచి విడుదల ఇవ్వాలి, లేకపోతే ఆ పని రాత్రి పదింటికి, అలసిపోయిన కళ్లతో జరుగుతుంది, తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి. గణాంకాలు తెలిసిన మనిషికి కూడా దరఖాస్తు దశలోనే కొన్ని గంటల డబ్బు ఇవ్వాలి, డేటా అంతా పోగయ్యాక తీసుకెళ్లి "ఏదైనా దొరుకుతుందేమో చూడండి" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

డబ్బు చిన్న చిన్న ముక్కలుగా పంచేస్తే ఏదీ అక్కరకి రాదని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. రెండువందల మంది రోగులు కావాల్సిన ప్రశ్నకి ఇరవై మందికి సరిపడే డబ్బిచ్చి "ఎంతో కొంత చేయండి" అంటే అది వృథానే, రోగులకి కూడా అన్యాయం. అందుకే చిన్న గ్రాంట్‌కి చిన్న ప్రశ్నే తీసుకోవాలి. 2016లో పైలట్ ట్రయల్స్ ఎలా నివేదించాలో చెప్తూ, ట్రయల్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలకి ఒక అనుబంధం వచ్చింది. పైలట్‌లో మందు ప్రభావం తేల్చేయాలని చూడొద్దని, పెద్ద ట్రయల్‌కి వెళ్లాలా వద్దా అన్నది ఏ కొలత మీద నిర్ణయిస్తారో ముందే రాసి పెట్టుకోమని అందులో ఉంది. నేను దరఖాస్తులు చదివేటప్పుడు ముందు వెతికేది ఆ కొలత కోసమే. "అర్హులైనవారిలో సగం మంది ఒప్పుకుని, చేరినవారిలో ఐదింట నాలుగొంతుల మంది చివరిదాకా ఉంటే ముందుకెళ్తాం, పావు మంది కూడా ఒప్పుకోకపోతే ఆపేస్తాం" అని రాసిన మనిషికి నేను వెంటనే మార్కులు వేస్తాను.

మనవాళ్లు పరాయివాళ్లు గొడవ గురించి తర్వాత చెప్తానన్నాను. చిన్న గ్రాంట్లు తెలిసినవాళ్లకే పోతాయన్న అనుమానం నిరాధారం కాదు. దీనికి న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లో ఒక దారి వేసింది. కొత్త తరహా ఆలోచనలకిచ్చే ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లలో, అర్హత ఉందా, ఆలోచనలో కొత్తదనం ఉందా, చేయగలిగేదేనా అని మాత్రం నిపుణులు చూస్తారు, అదీ దరఖాస్తుదారు పేరు తెలియకుండా, అవి దాటిన వాటిలోంచి లాటరీ తీస్తారు. మొదట విన్నప్పుడు సైన్సుకి లాటరీ ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ పదో ర్యాంకుకీ పదకొండో ర్యాంకుకీ మధ్య తేడా చెప్పగల నిపుణులు ఎవరూ లేరు, నేను ఆ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను. పేరున్న ప్రొఫెసర్ శిష్యుడికీ, ఎవరూ ఎరగని ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టుకీ సమానమైన అవకాశం దొరికే పద్ధతి ఇది. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఫార్మసిస్టులు కూడా దరఖాస్తు పెట్టుకునేలా ఉండాలి, రోగి కష్టం దగ్గరగా చూసేది వాళ్లు.

ఇక ఫలితం రాలేదంటే దాచేయడం ఆపాలి. పైలట్ అయిపోయాక "సానుకూలంగా రాలేదు" అని ఎక్కడా రాయకుండా వదిలేస్తే, ఇంకెక్కడో ఇంకొకరు అదే ఆలోచనతో, అదే తప్పుతో, ఇంకో ముప్ఫై మంది రోగుల్ని చేర్చుకుంటారు. ఆ ముప్ఫై మందికి మనం ఏం చెప్తాం? రెండు పేజీల నివేదిక, స్క్రీనింగ్ లాగ్‌లోని అంకెలతో సహా, అందరికీ కనిపించే చోట పెట్టాకే గ్రాంట్ చివరి వాయిదా విడుదల చేయాలి. డబ్బిచ్చే సంస్థలు కూడా తమ ఏడాది నివేదికలో "ఇన్ని పైలట్లకిచ్చాం, అందులో ఇన్ని పెద్ద గ్రాంట్లుగా మారాయి" అని మాత్రమే గొప్పగా వేసుకుంటున్నాయి, "ఇన్ని సకాలంలో ఆపేశాం, దానివల్ల ఇంత ఖర్చు, ఇంతమంది రోగుల శ్రమ మిగిలింది" అని కూడా వేయాలి. ఆపేసిన పైలట్ కూడా పనిచేసిన పైలటే. ఈ ఒక్క లెక్క మారితే పరిశోధకులు ఫలితాన్ని సాగదీసి, వంచి, లేని ఆశ పుట్టించి రాసే అవసరం సగం తగ్గిపోతుంది.

మీ పాఠకుల్లో చాలామందిని ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రిలో "ఒక చిన్న స్టడీ చేస్తున్నాం, మీరు చేరతారా" అని అడిగే ఉంటారు, ముందుముందు అడుగుతారు కూడా. అడిగినప్పుడు భయపడకుండా నాలుగు మాటలు అడగండి: ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, నాకేదైనా అయితే ఎవరు చూసుకుంటారు, మధ్యలో మానేయొచ్చా, ఫలితం ఏదైనా సరే నాకు చెప్తారా. జవాబులు నచ్చితే చేరండి, నచ్చకపోతే వద్దని చెప్పండి, ఆ వద్దన్నది కూడా మా రిజిస్టరులో ఒక వరుసే, అదీ మాకు పనికొస్తుంది. మీ పత్రికకి నా విన్నపం ఒకటే. ఈసారి ఏ సంస్థ అయినా పరిశోధన నిధి ప్రకటించినప్పుడు మీ విలేకరి మొత్తం ఎంతో రాసి ఊరుకోకుండా, అందులో తొలి దశ చిన్న అధ్యయనాలకి ఎంత పక్కన పెట్టారు, దరఖాస్తు పెట్టిన ఎన్నాళ్లకి జవాబిస్తారు, అందులో నర్సు జీతం ఇవ్వొచ్చా అని అడిగి, వాళ్లేం చెప్పారో వేయండి.

నమస్కారాలతో,
ఒక బోధనాసుపత్రి వైద్యురాలు